ఆలుగడ్డ బ్రెడ్: మెదిపిన దుంపా, ఉడికించిన నీళ్ళా, ఫ్లేక్సా, స్టార్చా?

ఇంట్లో ఆలుగడ్డ బ్రెడ్ చేద్దామని నాలుగు వంటకాలు తెరిస్తే, నాలుగూ నాలుగు దారులు చూపిస్తాయి. ఒకటి దుంప ఉడికించి మెదపమంటుంది. రెండోది దుంప పక్కన పెట్టి, అది ఉడికిన నీళ్ళు పొయ్యమంటుంది. మూడోది ఎండబెట్టిన ఆలుగడ్డ పొరల ప్యాకెట్, అంటే ఫ్లేక్స్ తెచ్చుకోమంటుంది. నాలుగోది ఒకచోట పొటాటో స్టార్చ్ అని, ఇంకోచోట పొటాటో ఫ్లోర్ అని రాసి, రెండూ ఒకటే అన్నట్టు వదిలేస్తుంది. అవి ఒకటి కావు. ఆ సంగతికి కింద వద్దాం.

నేను ఈ నాలుగూ చేశాను. కొన్ని తిన్నాం, కొన్ని పారేశాం. మొట్టమొదటిసారి రెండు పెద్ద గడ్డలు కుక్కర్లో వేసి, వేడివేడిగా మెదిపి, వంటకంలో రాసినన్ని పాలూ ఒకేసారి పోసేశాను. పిండి కాస్తా మిరపకాయ బజ్జీల పిండిలా తయారైంది. దాన్ని చేతికి తెచ్చుకోవడానికి మైదా చల్లుతూ పోయాను, కప్పున్నర దాకా. ఓవెన్లో బాగానే పొంగింది. బయటికి తీసి చల్లారేసరికి నడిమి గుంట పడింది. కోస్తే కత్తికి అంటుకుంది. ఉప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు, కప్పున్నర మైదా ఎక్కువైతే ఉప్పెక్కడ చాలుతుంది!

తప్పు లెక్కలో ఉంది. ఆలుగడ్డ బరువులో దాదాపు 80 శాతం నీళ్ళే. 200 గ్రాముల ముద్ద వేశానంటే, కంటికి కనపడకుండా 160 గ్రాముల నీళ్ళు పోసినట్టు. పై నాలుగు పద్ధతులకీ అసలు తేడా అక్కడే ఉంది: ఆ నీళ్ళెన్నో మీకు ముందే తెలుస్తుందా, పిండి కలుపుతుంటే తెలుస్తుందా అన్నదే.

అసలు దుంప ఎందుకు?

ఉడికేటప్పుడు, సుమారు 60 డిగ్రీల వేడి దాటాక, దుంపలోని పిండిపదార్థం నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతుంది. అలా పట్టిన నీటిని బ్రెడ్ కాలిన తర్వాత కూడా అంత తేలిగ్గా వదలదు. మామూలు మైదా బ్రెడ్ మర్నాటికే గట్టిపడుతుంటే, ఇది మూడో రోజుకి కూడా వేలితో నొక్కితే లోపలికి పోయి పైకి వస్తుంది. దాంతోపాటు మైదాకి సాగే గుణమిచ్చే గ్లూటెన్ అనే ప్రొటీన్ దుంపలో లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఎక్కువైతే పొంగిన బ్రెడ్‌ను నిలబెట్టేదేమీ ఉండదు. 18వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పార్మాంటియే అనే మందుల తయారీదారు గోధుమపిండి అసలు లేకుండా దుంపతోనే బ్రెడ్ చెయ్యాలని పట్టుబట్టి శ్రమపడ్డాడు. ఆ బ్రెడ్ నిలవలేదు. ఆయన పేరు మాత్రం ఫ్రెంచి వంటల్లో మెదిపిన ఆలుగడ్డ వంటకాల మీద ఇవాళ్టికీ ఉంది.

ఏం చూసి ఎంచుకోవాలి?

నా వరకు నాలుగే ప్రశ్నలు. మొదటిది, పిండి పదును ప్రతిసారీ ఒకేలా వస్తుందా? రెండోది, మెత్తదనం ఎన్నాళ్ళుంటుంది, దుంప రుచి తెలుస్తుందా? మూడోది, పని ఎంత? ఉడికించడం, చల్లార్చడం కలిపితే గంట పైనే పడుతుంది, అది మీ దగ్గర ఉందా? నాలుగోది, సరుకు మీ ఊళ్ళో దొరుకుతుందా? ఖర్చు ఐదోది కావాలి కానీ, ఇందులో ఒక్క ఫ్లేక్స్ తప్ప ఏదీ జేబుకి పెద్దగా బరువు కాదు.

1. ఉడికించి మెదిపిన దుంప

రుచిలో దీన్ని మించింది లేదు. కష్టపెట్టేదీ ఇదే. అందుకే దీని గురించి ఎక్కువ చెప్పాలి.

ముందు గడ్డ. తొక్క గోరుతో గీస్తే ఊడొచ్చే కొత్త గడ్డలో నీరెక్కువ, ఉడికితే జిగురుగా ఉంటుంది. అది వేపుడుకి, పులుసుకి బాగుంటుంది. బ్రెడ్‌కి తొక్క గట్టిపడిన పాత గడ్డ మేలు, ఉడికితే పొడిపొడిగా విచ్చుకుంటుంది. చిప్స్ కోసమని సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధనా సంస్థ వదిలిన కుఫ్రీ చిప్సోనా రకాల్లో నీరు తక్కువ. అవి దొరికితే వదలకండి. అయితే మన కూరగాయల బండి మీద రకం పేరు చెప్పేవాళ్ళు ఉండరు కాబట్టి, తొక్క చూసి తెచ్చుకోవడమే. ఇంకో చిక్కుంది. ఎక్కువ చల్లదనంలో నిలవుంచిన దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి గడ్డతో చేస్తే బ్రెడ్ కాస్త తియ్యగా ఉంటుంది, పైన తొందరగా నల్లబడుతుంది. కొన్న గడ్డను ఫ్రిజ్‌లో పెట్టొద్దనేదీ ఇందుకే.

ఉడికించడంలో తొక్క తియ్యకుండా, ముక్కలు కొయ్యకుండా ఉడికిస్తే దుంప నీళ్ళు తక్కువ పీలుస్తుంది. కుక్కర్లో అయితే గడ్డలు నీళ్ళలో మునగకుండా, గిన్నెలో పెట్టి ఆవిరి మీద ఉడికించండి. తొక్క తీశాక ఖాళీ మూకుడులో సన్నని సెగ మీద రెండు నిమిషాలు అటూ ఇటూ కదిపితే పైతడి ఆవిరైపోతుంది. నా మట్టుకు, ఈ రెండు నిమిషాలే నా బ్రెడ్‌ను గుంటలో నుంచి పైకి లేపాయి.

మెదపడానికి మిక్సీ వాడొద్దు. బ్లేడు తగిలితే దుంప కణాలు పగిలి పిండిపదార్థం బయటికొచ్చి, ముద్ద బంకలా సాగుతుంది. కట్లెట్లకి చేసినట్టు, ఉడికిన గడ్డను తురుముపీట మీద సన్నగా తురమండి, లేదా స్టీలు జల్లెడ మీద గరిటెతో రుద్దండి. ఉండ అన్నది మిగలకూడదు. మిగిలితే కోసిన ముక్కలో తెల్లగా కళ్ళేసుకుని చూస్తుంది.

తర్వాత పూర్తిగా చల్లార్చాలి. 55, 60 డిగ్రీల వేడికే ఈస్ట్ చచ్చిపోతుంది. ముద్ద పైన చల్లగా తగిలినా లోపల వేడి దాచుకుంటుంది, కాబట్టి పళ్ళెంలో పరిచి ఆరబెట్టండి.

నేను వాడే కొలత ఇది. మైదా 300 గ్రాములు, ముద్ద 100 గ్రాములు, గోరువెచ్చని పాలు 110 నుంచి 130 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, చక్కెర 20, ఉప్పు 6, వెన్న 25 గ్రాములు. పాలల్లో మూడోవంతు ఆపి ఉంచండి. దుంప కలిసిన పిండికి ఒక టక్కరి గుణం ఉంది: మొదట పొడిగా కనిపించి, ఐదు నిమిషాలు పిసికేసరికి తడి వదులుతుంది. మొదట్లోనే పాలు పోసేస్తే తర్వాత మైదా చల్లాల్సి వస్తుంది, అంటే నా మొదటి బ్రెడ్ కథే. చేతికి అంటుకుంటుంటే మైదా జోలికి పోకుండా, మూతపెట్టి 20 నిమిషాలు వదిలెయ్యండి. దానంతటదే చాలావరకు సర్దుకుంటుంది. తర్వాత పది నిమిషాలు పిసకాలి. రెట్టింపయ్యేదాకా ఒక పొంగు, చలికాలంలో గంటకు పైనే, ఎండాకాలంలో 40 నిమిషాలు చాలు. లోఫ్ టిన్నులో పెట్టి ఇంకో అరగంట. ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్) 180 డిగ్రీల దగ్గర 30 నుంచి 35 నిమిషాలు. 20 నిమిషాలకి పైన రంగు తిరిగిపోతే ఫాయిల్ కప్పండి.

2. దుంప ఉడికిన నీళ్ళు

ఇది పొదుపు పద్ధతి. దుంపలు కూరలోకి, నీళ్ళు బ్రెడ్‌లోకి. మామూలు బ్రెడ్ వంటకంలో నీళ్ళకి బదులు అంతే కొలతగా ఇవి పోస్తే సరి, వేరే లెక్కేమీ లేదు. ఈస్ట్ హుషారుగా పొంగుతుంది, బ్రెడ్ కొంచెం మెత్తగా ఉంటుంది. దుంప రుచి అంటారా, నాకైతే తెలియలేదు.

ఒక మెలిక మాత్రం ఉంది. నీళ్ళలోకి పిండిపదార్థం దిగాలంటే తొక్క తీసి, ముక్కలు కోసి, గిన్నెలో ఉడికించాలి. కుక్కర్లో తొక్కతో ఉడికించిన నీళ్ళలో మట్టి రంగు తప్ప ఏమీ ఉండదు. అంటే మెదిపే పద్ధతికి మంచిదైన ఉడకబెట్టడం దీనికి పనికిరాదు, దీనికి మంచిది దానికి పనికిరాదు. ఒకే గడ్డతో రెండూ సాధిద్దామనుకోకండి. ఉడికేటప్పుడు ఉప్పు వేసి ఉంటే పిండిలో తగ్గించండి.

3. ఫ్లేక్స్

ఉడికించి మెదిపిన దుంపను ఆరబెట్టి పల్చటి పొరలుగా చేసిందే ఇది. నీళ్ళు పోస్తే మళ్ళీ ముద్ద అవుతుంది. లెక్క కూడా సులువు: 20 గ్రాముల ఫ్లేక్స్‌కి 80 గ్రాముల నీళ్ళు కలిపితే 100 గ్రాముల ముద్దతో సమానం. పై కొలతలో ముద్ద స్థానంలో ఇది వేసుకోవచ్చు. ముందుగా నానబెట్టక్కర్లేదు కూడా, పొడి మైదాలో ఫ్లేక్స్ కలిపి, ఆ 80 గ్రాముల నీళ్ళు పాలతోపాటు పోస్తే చాలు.

దీని గొప్పతనం నిలకడ. గడ్డ కొత్తదా పాతదా, ఎంతసేపు ఉడికింది అన్న గొడవ లేదు. తూకం వేస్తే ఈ ఆదివారం వచ్చిన బ్రెడ్డే వచ్చే ఆదివారమూ వస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళకి ఇదే చెబుతాను. దుంపతో మొదలుపెట్టి భంగపడి మానేసేవాళ్ళే ఎక్కువ.

కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చదవండి. చాలా ప్యాకెట్లలో ఉప్పు, పాలపొడి, వెన్న వాసన కలిసి ఉంటాయి, అది పక్కన తినే మ్యాష్ కోసం చేసింది. మీకు కావాల్సింది ఎండిన ఆలుగడ్డ ఒక్కటే ఉన్నది. మన దగ్గర చిన్న ఊళ్ళల్లో దుకాణంలో కనపడదు, ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి. గడ్డలతో పోలిస్తే ధర కూడా కొన్ని రెట్లు ఎక్కువే. కానీ ఒక బ్రెడ్‌కి పడేది 20 గ్రాములే కదా. రుచిలో అసలు దుంపకి ఒక మెట్టు కింద, పైగా కొన్నిటికి అట్టపెట్టె వాసన లాంటిది ఉంటుంది. వెన్న ఇంకో పది గ్రాములు వేస్తే అది కప్పడిపోతుంది.

4. స్టార్చ్, ఫ్లోర్

ఇక ఆ గందరగోళం. పొటాటో ఫ్లోర్ అంటే ఉడికించిన దుంప మొత్తాన్ని ఎండబెట్టి కొట్టిన పొడి, కాస్త పసుపు ఛాయలో ఉంటుంది, దుంప వాసన వస్తుంది. స్టార్చ్ అంటే పచ్చి దుంప నుంచి కడిగి తీసిన పిండిపదార్థం మాత్రమే. కార్న్‌ఫ్లోర్‌లా తెల్లగా, వేళ్ళ మధ్య కిర్రుమంటుంది, వాసన ఉండదు. ఒకదాని బదులు ఇంకోటి వేస్తే బ్రెడ్ చెడుతుంది.

ఫ్లోర్ దొరికితే మంచిదే. 300 గ్రాముల మైదాకి 20, 25 గ్రాములు చాలు. ఒట్టి దాహం మనిషి అది, నీళ్ళు తగలగానే ఉండ కడుతుంది, కాబట్టి ముందు పొడి మైదాలో బాగా కలపాలి. దొరక్కపోతే ఫ్లేక్స్‌ను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, దాదాపు అదే వస్తుంది.

స్టార్చ్ మీద నాకు నమ్మకం లేదు. పొడిగా కలిపితే బ్రెడ్ కొద్దిగా తేలికవుతుందేమో కానీ, దుంప బ్రెడ్ అనడానికి అందులో దుంప లేదు. నీళ్ళలో గంజిలా కాచి చల్లార్చి కలిపితే మెత్తదనం వస్తుంది నిజమే. అంత కష్టపడేవాళ్ళు ఒక గడ్డే ఉడకబెట్టుకోవచ్చుగా!

ఒక్క చూపులో

| | పదును నిలకడ | మెత్తదనం | దుంప రుచి | పని | దొరకడం |
|---|---|---|---|---|---|
| మెదిపిన దుంప | చేయి అలవాటు పడేదాకా కష్టం | మూడు రోజులు | బాగా తెలుస్తుంది | గంట అదనం | ఎక్కడైనా |
| ఉడికిన నీళ్ళు | మామూలు బ్రెడ్ లాగే | రోజు, రోజున్నర | తెలియదు | దాదాపు ఏమీ లేదు | ఎక్కడైనా |
| ఫ్లేక్స్ | ప్రతిసారీ ఒకటే | మూడు రోజులు | కొంచెం | ఏమీ లేదు | ఆన్‌లైన్, పెద్ద దుకాణాలు |
| ఫ్లోర్ | బాగుంటుంది | రెండు మూడు రోజులు | కొంచెం | ఏమీ లేదు | కష్టం |
| స్టార్చ్ | బాగుంటుంది | తక్కువ | లేదు | ఏమీ లేదు | ఆన్‌లైన్ |

రోజుల లెక్క మా హైదరాబాదు వంటింట్లో చలికాలంలో చూసింది. మే నెల సంగతి వేరు, చివర చెబుతాను.

ఓవెన్ లేనివాళ్ళకి

కుక్కర్లో ఉప్పు పరిచి, గాస్కెట్, వెయిట్ తీసేసి కాల్చడం చాలామంది చేస్తున్నారు. బ్రెడ్ ఉడుకుతుంది, పైన మాత్రం పాలిపోయి ఉంటుంది. దుంప బ్రెడ్‌లో తేమ ఎక్కువ కాబట్టి పెద్ద లోఫ్ నడుమ పచ్చిగా మిగిలే ప్రమాదమూ ఉంది. ఆ దారిలో వెళ్తే లోఫ్ మానేసి, నిమ్మకాయంత ఉండలతో బన్నులు చేసుకోండి.

నన్నడిగితే పెనం ఉన్నవాళ్ళు ఈస్ట్‌నే వదిలేసి ఉత్తర ఐర్లాండ్ వైపు చూడాలి. అక్కడ పొద్దుటి ఫలహారంలో గుడ్లతో తినే పొటాటో ఫార్ల్‌కి ఓవెనూ అక్కర్లేదు, పొంగడాలూ అక్కర్లేదు. 400 గ్రాముల వేడి ముద్దలో 25 గ్రాముల వెన్న, అర టీస్పూను ఉప్పు, 80 నుంచి 100 గ్రాముల మైదా కలిపి, అర సెంటీమీటరు పైచిలుకు మందాన గుండ్రంగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, నూనె లేని పెనం మీద ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాలు కాల్చాలి. ఫార్ల్ అన్న మాటకి అర్థమే నాలుగో వంతు. ఇక్కడ ముద్ద వేడిగా ఉండగానే కలపాలి, చల్లారితే జిగురెక్కి అప్పడాల కర్రకి అంటుకుంటుంది. ఈస్ట్ బ్రెడ్‌కి నేర్చుకున్న దానికి పూర్తిగా తలకిందులు. పరాటాలు ఒత్తే చేతికి ఇది పావుగంట పని. శాండ్‌విచ్‌కి పనికిరాదు, అంతే.

మరి మీకేది?

మొదటిసారి చేస్తున్నారా, ఇంట్లో తూకం ఉందా? ఫ్లేక్స్. తూకం లేకపోతే ఏ పద్ధతి అయినా చీకట్లో బాణమే. ముందు తూకం కొనండి, ఫ్లేక్స్ తర్వాత.

పిల్లల లంచ్ బాక్సు కోసం వారానికి రెండుసార్లు చేసేవాళ్ళకీ ఫ్లేక్సే నప్పుతుంది. ఆదివారం తీరిగ్గా చేసి, వేడి తగ్గాక వెన్న రాసుకుని తినడానికైతే మెదిపిన దుంపకి సాటి లేదు. రాత్రి కూరలో కొంచెం ముద్ద మిగిలింది కదా అని పొద్దున్నే బ్రెడ్‌లో వేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట: పోపు పడకముందే తీసి పెట్టుకోండి.

గోధుమపిండితో చెయ్యాలనుకునేవాళ్ళు దుంపవైపే రావాలి. మన చక్కీ పిండి మైదా కన్నా నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, దుంప మోసుకొచ్చే తడి దానికి బాగా సరిపోతుంది. సగం మైదా, సగం గోధుమపిండి, ముద్ద 100 గ్రాములు అలాగే ఉంచి పాలు ఒకటి రెండు చెంచాలు పెంచండి. మొత్తం గోధుమపిండితో కూడా చేశాను. తినగలం, కానీ ఇటుక బరువుంటుంది.

అమెరికాలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క కొంచెం మారుతుంది. అక్కడి బ్రెడ్ ఫ్లోర్‌లో మన మైదా కన్నా ప్రొటీన్ ఎక్కువ, కాబట్టి ముద్ద 120, 130 గ్రాముల దాకా మోస్తుంది. గడ్డల్లో ఉడికితే పొడిపొడిగా విచ్చుకునే రసెట్ రకం తీసుకోండి, ఎర్రతొక్క గడ్డ జిగురు. బర్గర్ బన్నులే కావాలంటే అక్కడ దుకాణాల్లో పొటాటో రోల్స్ చవగ్గానే దొరుకుతాయి. దానికోసం మూడు గంటలు పెట్టాలా అన్నది మీ ఇష్టం.

ఎండాకాలం

ఈ బ్రెడ్‌ను మెత్తగా ఉంచే తేమే బూజుకి కూడా ఇష్టం. ఏప్రిల్, మే నెలల్లో బయట రెండో రోజు సాయంత్రం దాటనివ్వను. బూజు కాక ఇంకో తెగులుంది. కోసిన ముక్క లోపల జిగటగా తీగలు సాగుతూ, మిగలపండిన పండు వాసన వస్తుంది. మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పని అది. దాని బీజాలు ఓవెన్ వేడికి చావవు, ఎందుకంటే బ్రెడ్ లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు. తర్వాత ఉక్కపోతలో మేలుకుంటాయి. అలాంటిది కనిపిస్తే రుచి చూడకుండా పారేసి, టిన్నూ కత్తీ వేడినీళ్ళతో కడగాలి. గడ్డల్ని ఉడికించే ముందు మట్టి లేకుండా రుద్ది కడగడం, ఎండాకాలంలో పిండిలో ఒక టీస్పూను వెనిగర్ కలపడం మొదలుపెట్టాక నాకు మళ్ళీ ఆ వాసన రాలేదు.

బ్రెడ్ పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి, వేడిమీద మూత పెడితే ఆవిరి లోపలే చెమరుస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే బూజు ఆగుతుంది కానీ బ్రెడ్ బయటకన్నా తొందరగా గట్టిపడుతుంది. ముక్కలు కోసి, మధ్యలో బటర్ పేపర్ పెట్టి ఫ్రీజర్‌లో పెట్టుకుంటే కావాల్సినన్ని తీసి నేరుగా పెనం మీద వేసుకోవచ్చు.